అరడుగు

సోమవారం ఉదయం ఎనిమిదిన్నరకే నీల్ బ్రాండ్‌వోల్డ్ గదిలోని తెల్లబోర్డు మీద పేర్లు మూడుసార్లు చోటు మారాయి. ఒక్కో ఆటగాడి పేరూ ఒక్కో అయస్కాంతపు బిళ్ళ మీద రాసి ఉంటుంది. నీల్ ఏ బిళ్ళనీ ఒకచోట ఉండనివ్వడు. పిట్స్‌బర్గ్ రివర్‌మెన్ బాస్కెట్‌బాల్ జట్టుకి అతను జనరల్ మేనేజర్ అయి ఆరేళ్ళు. జట్లు ఆటగాళ్ళని ఇచ్చిపుచ్చుకునే ట్రేడ్ గడువు దగ్గరపడ్డ వారం మాత్రం కొత్తగా ఉద్యోగంలో చేరినవాడిలా కాలు నిలవక తిరుగుతాడు.

ఇప్పుడు బోర్డు మధ్యలో రెండు బిళ్ళలు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి జార్విస్ పెటిఫర్డ్, ఒమాహా జట్టులో బంతి నడిపే గార్డ్, ముప్ఫయ్యొక్కేళ్ళు. రెండోది అండర్స్ లిండ్‌క్విస్ట్, సొంత జట్టువాడు, ఇరవై నాలుగేళ్ళు. దూరం నుంచి బంతి విసిరితే నూటికి నలభై రెండు బుట్టలో పడతాయి.

"మనం రోజూ నూట పదిహేను పాయింట్లు వేస్తున్నాం, నూట ఇరవై ఇచ్చేస్తున్నాం," అన్నాడు నీల్, బత్తాయి పండు తొక్క వలుస్తూ. "ఎదుటి గార్డుని ఆపేవాడు ఒక్కడూ లేడు. ఒమాహావాళ్ళు లిండ్‌క్విస్ట్‌ని అడుగుతున్నారు. ఇస్తే పెటిఫర్డ్ వస్తాడు. గురువారం మూడింటికి గడువు. చెప్పండి."

బల్లకి అటువైపు కూర్చున్న ఓరెన్ ఫైగ్ తన ల్యాప్‌టాప్ ఇటు తిప్పాడు. జట్టులో అంకెలు చూసే కుర్రాడు అతను. కుర్రాడనడమే గానీ, ముప్ఫై దాటి ఒక కూతురు కూడా ఉంది. "పెటిఫర్డ్ కాపలా కాసిన ఆటగాళ్ళు నిరుడు నూటికి నలభై ఒకటి వేశారు. ఈ ఏడు నలభై ఏడు. జారిపోతున్నాడు. అంకెలు చెప్తున్నది అదే."

"అంకెలకి నోరెక్కడిది, నువ్వు చెప్పిస్తున్నావు," అంది వెర్నా డ్యూసెక్.

నీల్ నవ్వాపుకున్నాడు. ఈ తగువు అతనికి కొత్త కాదు. వెర్నాకి యాభై ఏడేళ్ళు. ఇరవై రెండేళ్ళుగా ఈ జట్టుకి స్కౌట్. ఊరూరూ తిరిగి ఆటగాళ్ళని చూసి రావడమే ఆమె ఉద్యోగం. నాలుగేళ్ళుగా ప్రతి ఫిబ్రవరిలోనూ ఈ గదిలో కూర్చుని పెటిఫర్డ్‌ని తెమ్మని అడుగుతూనే ఉంది.

"చూడు నాయనా," అంది ఓరెన్‌తో. "ఎవడి మనిషి బుట్టలో వేశాడో నువ్వు రాసుకుంటావు. వాడు తన మనిషిని వదిలేసి ఎవరిని ఆపడానికి పరిగెత్తాడో రాసుకోవు. పక్కింట్లో మంటలార్పడానికి వెళ్ళినవాడి పొయ్యి మీద కూర మాడితే, కూర మాడ్చాడని కేసు పెడతావా?"

"అలాంటివి అందరికీ ఉంటాయి కదా వెర్నా. అతనొక్కడికేనా?"

"అతనంత ఎవరికీ ఉండవు."

నీల్ బత్తాయి తొనలు విడదీసి కాగితం మీద వరసగా పెట్టాడు. ఒకటి ఓరెన్ వైపు, ఒకటి వెర్నా వైపు తోశాడు. "వెర్నా, రేపు వాళ్ళ ఊళ్ళోనే మ్యాచ్. ఎల్లుండి కన్సాస్ సిటీలో. రెండూ చూసి రా. గురువారం మధ్యాహ్నానికి నాకు ఒక మాట కావాలి. అవునా, కాదా? నువ్వు అవునంటే లిండ్‌క్విస్ట్‌ని ఇచ్చేస్తాను." ఆగి, "ఆ అబ్బాయిని పట్టుకొచ్చింది కూడా నువ్వే. మర్చిపోలేదు నేను," అన్నాడు.

"నేనూ మర్చిపోలేదు," అంది వెర్నా. తొన నోట్లో వేసుకుని లేచింది.

*

ఒమాహాలో మంచు కురిసి గట్టిపడింది. మంగళవారం సాయంత్రం నాలుగింటికే వెర్నా స్టేడియంలో తన సీట్లో ఉంది. ఆట మొదలవడానికి ఇంకా మూడు గంటలుంది. ఆటగాళ్ళు ఒక్కొక్కరే వచ్చి బంతి వేసుకుంటుంటే చూడటం ఆమెకి అలవాటు. ఒళ్ళు వేడెక్కకముందు మనిషి నడక చూడాలంటుంది.

ఆమె దగ్గర ల్యాప్‌టాప్ ఉండదు. గీతల నోట్‌బుక్, జేబు నిండా పొట్టి పెన్సిళ్ళు, ఒక చెక్కుడు మర. పేజీని నిలువుగా మూడు గళ్ళు చేస్తుంది. మొదటి గడిలో సమయం, రెండో గడిలో అతను ఏం చేశాడు, మూడో గడిలో దానివల్ల ఏం జరిగింది. ఆట నడుస్తున్నంతసేపూ బంతి ఎటు పోయినా ఆమె కళ్ళు దానివెంట పోవు. చూడటానికి వచ్చిన మనిషినే చూస్తాయి. మొదట్లో ఇది చాలా కష్టమైంది. ఇప్పుడు మ్యాచ్ అయ్యాక ఎవరు గెలిచారని అడిగితే ఆమె బోర్డు వైపు చూసి చెప్పాలి.

పెటిఫర్డ్ పొడగరి కాదు. భుజాలు కాస్త ముందుకి వంగి ఉంటాయి. ఎదుటి సియాటిల్ జట్టు గార్డ్ లీగ్‌లో పేరు మోసినవాడు, రోజూ ముప్ఫై పాయింట్లు వేసే మనిషి. అతని ముందు పెటిఫర్డ్ మోకాళ్ళు వంచి, ఒక చెయ్యి అతని నడుముకి జానెడు దూరంలో గాలిలో పెట్టి నిలబడ్డాడు. తాకడు. అక్కడ ఒక చెయ్యి ఉందని మాత్రం ఎదుటివాడికి తెలుస్తూ ఉంటుంది. నోరు ఒక్క క్షణం ఊరుకోదు. "కుడి, కుడి! వెనకాల అడ్డు వస్తున్నాడు! నేనున్నా, నువ్వు వెనక్కి!" అని తన జట్టువాళ్ళకి చెబుతూనే ఉంటాడు. తల తిప్పకుండా వెనక జరిగేది ఎలా తెలుస్తుందో అతనికే తెలియాలి.

మొదటి క్వార్టర్‌లో సియాటిల్ గార్డ్ ఏడుసార్లు వేస్తే ఒకటి పడింది. వెర్నా రాస్తూ తనలో తానే నవ్వుకుంది.

పక్క సీట్లో ఊదారంగు స్వెట్టర్ వేసుకున్న పెద్దావిడ మొక్కజొన్న చిప్స్ తింటూ విసుక్కుంది. "ఈ పెటిఫర్డ్‌ని ఇంకా ఎందుకు ఆడిస్తారో! మొన్న మూడు పాయింట్లు, అంతకుముందు నాలుగు. మా వారు కుర్చీలోంచి లేవకుండా అంతకంటే ఎక్కువ వేస్తారు."

"ఎదుటివాడు ఎన్ని వేశాడో చూశారా?" అంది వెర్నా.

ఆవిడ బోర్డు వైపు చూసింది. "రెండు. వాడికి ఇవాళ రోజు బాగాలేదు పాపం."

వెర్నా మళ్ళీ పెటిఫర్డ్ వైపు తిరిగింది. వాదిస్తే ఆ కాసేపు ఆట చూడకుండా పోతుంది.

రెండో క్వార్టర్‌లో పెటిఫర్డ్ మరో పని చేశాడు. ఎదుటి గార్డ్ పెటిఫర్డ్‌కి ఎడమవైపు నుంచి దూసుకొస్తున్నప్పుడు, చెయ్యి ఊపి ఆ మనిషిని వెనకున్న పొడుగాటి సహచరుడికి అప్పగించి, తను ఆ సహచరుడి మనిషిని అందుకున్నాడు. చాలా శుభ్రంగా జరిగింది. "ముందే చూశాడు," అని వెర్నా మూడో గడిలో రాసింది. మళ్ళీ జరిగింది. "బాగా మాట్లాడతాడు," అని రాసింది. పెన్సిల్ మొద్దుబారితే చెక్కుకుంది.

మూడో క్వార్టర్‌లో కోచ్ టైమ్‌అవుట్ తీసుకున్నాడు. ఆటగాళ్ళందరూ కుర్చీల్లో కూలబడ్డారు. పెటిఫర్డ్ ఒక కుర్చీ వీపు పట్టుకుని నిలబడే ఉన్నాడు. వెర్నా పేజీ తిప్పబోయి ఆగింది. మొదటి టైమ్‌అవుట్‌లోనూ అతను కూర్చోలేదు. రెండోదానిలోనూ లేదు. విరామం నుంచి వచ్చినప్పుడు అందరూ బెంచీ మీద కూర్చుని బూట్ల తాళ్ళు బిగించుకుంటుంటే, అతను పాదం కుర్చీ మీద పెట్టి నిలబడే బిగించుకున్నాడు. పాదం పైకెత్తింది కుడిది. ఎడమ బూటు తాడు ఎవరో సహాయకుడు వంగి కట్టాడు.

వెర్నాకి మూడేళ్ళ కిందట ఎడమ తుంటి కీలు మార్చారు. దానికి ముందు ఏడాదంతా ఆమె కూడా కూర్చోవడం మానేసింది. కూర్చుంటే మళ్ళీ లేచేటప్పుడు తుంటి పట్టేసేది. విమానాల్లో వెనక గోడకి ఆనుకుని నిలబడి, నడుం నొప్పని అందరితో చెప్పేది.

ఆమె నోట్‌బుక్ వెనక్కి తిప్పి వేలుతో గీతల వెంట వెళ్ళింది. పదకొండుసార్లు తన మనిషిని అప్పగించాడు. పదకొండూ ఎడమవైపే. కుడివైపు ఒక్కటీ లేదు.

ఆ తర్వాత ఆమె అతని ముఖం చూడలేదు, చేతులు చూడలేదు. నడుం నుంచి మోకాలి దాకా మాత్రమే చూసింది. ఎడమవైపు మొదటి అడుగు పడాల్సిన క్షణానికి పడటం లేదు. అరడుగు ఆలస్యం. ఆ అరడుగు దాచడానికి అతను నోటినీ చేతినీ బుర్రనీ వాడుకుంటున్నాడు. అప్పగించలేని చోట మనిషిని ముందే కుడివైపుకి తోలుతున్నాడు. పదిహేడు వేలమంది చూస్తున్నారు, ఎవరికీ కనబడలేదు.

సియాటిల్ గార్డ్ ఆ పూట పద్నాలుగు పాయింట్లతో సరిపెట్టుకున్నాడు. నీల్ నుంచి ఫోన్‌లో సందేశం వచ్చింది. "విన్నాను! పద్నాలుగుకే ఆపాడట! అవునేనా?"

"రేపు కూడా చూడనీ," అని కొట్టింది వెర్నా.

*

బుధవారం పొద్దున అద్దె కారులో కన్సాస్ సిటీ వెళ్ళింది. మూడు గంటల దారి. రోడ్డుకి రెండువైపులా కోసేసిన మొక్కజొన్న చేలు, మంచులోంచి పొడుచుకొచ్చిన మోళ్ళు. రేడియోలో ఎవరో ఇద్దరు పెటిఫర్డ్ ట్రేడ్ గురించే పోట్లాడుకుంటున్నారు. పిట్స్‌బర్గ్ వాళ్ళకి మతిపోయిందని ఒకడు, లిండ్‌క్విస్ట్ లాంటివాళ్ళు వీధికి పదిమంది దొరుకుతారని ఇంకొకడు. వెర్నా కట్టేసింది. లిండ్‌క్విస్ట్‌లాంటివాళ్ళు వీధికి పదిమంది దొరకరు. మిన్నెసోటా ఉత్తరాన, హీటర్ పనిచేయని ఒక చిన్న కాలేజీ జిమ్‌లో కోటు విప్పకుండా కూర్చుని ఆమె అతన్ని చూసింది. నోట్‌బుక్ మీద చేతి తొడుగులతోనే రాసింది.

స్టేడియం వెనక గుమ్మంలో స్కౌట్ల పాస్ చూపించి లోపలికి వెళ్ళేసరికి నాలుగైంది. పైకి ఒక అంతస్తు. మెట్లు ఎదురుగానే ఉన్నాయి. వెర్నా పక్కనున్న సామాన్ల లిఫ్ట్ మీట నొక్కింది.

"మేడమ్, మీకు కూడా మెట్లంటే పడదా?"

వెనక్కి తిరిగింది. పెటిఫర్డ్. భుజాన బ్యాగు, తల మీద ఉన్ని టోపీ. దక్షిణ కరోలినా నుంచి వచ్చినవాడు. వయసులో పెద్దవాళ్ళతో మేడమ్ అనకుండా ఒక్క మాటా మాట్లాడడని వెర్నాకి తెలుసు. కాలేజీలో ఆడేటప్పుడు ఒకసారి అరగంట మాట్లాడింది అతనితో.

"మెట్లకీ నాకూ మాటల్లేవు," అంది. "నీకెందుకు లిఫ్ట్? ఒక్క అంతస్తే కదా?"

"ఉన్నదాన్ని వాడుకోకపోతే లిఫ్ట్ బాధపడుతుంది."

ఇద్దరూ ఎక్కారు. అది నెమ్మదిగా, మూలుగుతూ కదిలింది. అతను గోడకి ఆనుకుని, బరువంతా కుడికాలి మీద వేసి నిలబడ్డాడు.

వేరే జట్టు ఆటగాడితో ట్రేడ్ సంగతి మాట్లాడకూడదు. అది లీగ్ నియమం. మాట్లాడకూడదని ఇద్దరికీ తెలుసు. తను ఇక్కడికి ఎందుకొచ్చిందో అతనికి తెలుసని కూడా వెర్నాకి తెలుసు.

"తుంటి ఎప్పటినుంచి?" అంది.

లిఫ్ట్ ఆగింది. తలుపు తెరుచుకుంది. అతను కదల్లేదు. తలుపు కాసేపు చూసి మళ్ళీ మూసుకుంది.

"ఎన్నిసార్లు కనబడింది మేడమ్?"

"పదకొండు."

"పన్నెండు," అన్నాడు. "రెండో క్వార్టర్ చివర్లో ఒకటి. మీరప్పుడు పెన్సిల్ చెక్కుకుంటున్నారు."

వెర్నా నోరు తెరిచింది. "ఆట మధ్యలో నన్ను చూస్తున్నావా?"

"ఎవరు ఎక్కడున్నారో చూసుకోవడమే కదా నా పని." నవ్వాడు. నవ్వు ఎక్కువసేపు లేదు. "డిసెంబర్ మొదటి వారం నుంచి. ఎముకకి ఎముక తగులుతోందట. మా ఆవిడకి తెలుసు, బయట చూపించుకున్న డాక్టర్‌కి తెలుసు. ఇప్పుడు మీకు తెలుసు. సీజన్ అవగానే ఆపరేషన్ చేయించుకుంటే వచ్చే ఏడు శుభ్రంగా ఆడతానంటున్నాడు డాక్టర్. నేనూ నమ్ముతున్నాను."

"మీ జట్టుకి చెప్పలేదా?"

"చెబితే కూర్చోబెడతారు. జూన్‌లో నా కాంట్రాక్ట్ అయిపోతుంది. ఫిబ్రవరి నుంచి కూర్చున్న ముప్ఫయ్యొక్కేళ్ళ గార్డుని జూన్‌లో ఎవరు పిలుస్తారు మేడమ్?"

వెర్నా లిఫ్ట్ మీటలకేసి చూస్తూ ఉండిపోయింది. మీటల మీద అంకెలు అరిగిపోయాయి.

"ఇంకో ఊరికి పంపించారనుకోండి," అన్నాడు అతను, ఏ ఊరో అనకుండా. "వెళ్ళిన రోజే పరీక్షలు చేస్తారు. స్కాన్‌లో మొత్తం కనబడుతుంది. ట్రేడ్ రద్దు. పొద్దుగూకేలోగా టీవీలో నా తుంటి బొమ్మ గీసి, ఎర్ర బాణం పెట్టి చూపిస్తారు. అక్కడితో అయిపోతుంది."

"ఇది నేను వినకూడదు."

"నేనూ అనకూడదు. మనం లిఫ్ట్ గురించి మాట్లాడుకుంటున్నాం."

కింద ఎవరో మీట నొక్కినట్టున్నారు, లిఫ్ట్ కుదుపుతో కిందికి బయల్దేరింది.

"నాలుగేళ్ళుగా నన్ను అడుగుతున్నవాళ్ళు ఒకరున్నారని విన్నాను," అన్నాడు పెటిఫర్డ్, టోపీ సర్దుకుంటూ. "నేను చేసే పని చూసేవాళ్ళు ఒకరైనా ఉన్నారని మా ఆవిడతో చెప్పుకునేవాణ్ణి. ప్రతి ఫిబ్రవరీ ఫోన్ దగ్గర పెట్టుకుని కూర్చునేవాణ్ణి. ఈ ఒక్క ఏడు మాత్రం మోగకూడదని మొక్కుకుంటున్నాను."

"జార్విస్, నేను చూసింది రాయడానికే నాకు జీతం ఇస్తారు. చూసింది చూడలేదని రాయను."

"రాయొద్దు మేడమ్. అలా రాయమని నేను అడగను." కింద తలుపు తెరుచుకుంది. ట్రాలీ మీద నీళ్ళ సీసాలతో ఒకతను ఎక్కాడు. పెటిఫర్డ్ అతనికి జరిగి చోటిచ్చాడు. పైకి వచ్చేదాకా ముగ్గురూ తలుపుకేసి చూస్తూ నిలబడ్డారు. దిగేటప్పుడు పెటిఫర్డ్ చెయ్యి అడ్డుపెట్టి తలుపు ఆపి, వెర్నాని ముందు దిగనిచ్చాడు.

ఆ పూట అతను ముప్ఫై నాలుగు నిమిషాలు ఆడాడు. వెర్నా ఒక్క కదలిక కూడా వదలకుండా చూసింది. పెన్సిల్ మొద్దుబారితే పక్కనపెట్టి కొత్తది తీసుకుంది, చెక్కుకోలేదు. పద్నాలుగుసార్లు అప్పగించాడు. నాలుగో క్వార్టర్‌లో అప్పగించడానికి వెనక ఎవరూ లేక, ఎడమవైపు తనే తిరిగాడు. ముఖంలో ఏమీ కనబడనివ్వలేదు. కన్సాస్ సిటీ గార్డ్ అతన్ని దాటి వెళ్ళి తేలిగ్గా బుట్టలో వేశాడు. జనం గోల చేశారు. పెటిఫర్డ్ బంతి ఏరి రిఫరీకి అందించి, మళ్ళీ అవతలి వైపుకి నడిచాడు. పరిగెత్తలేదు.

*

గురువారం విమానంలో రిపోర్ట్ రాయడానికి కూర్చుంది. మొదట రెండు పేజీలు రాసింది. లిఫ్ట్ సంగతి, డిసెంబర్ సంగతి, డాక్టర్ ఏమన్నాడో, అన్నీ. చదువుకుంది. అందులో తన కళ్ళు చూసింది సగమే. మిగతా సగం చెవులు విన్నది. ఒక రిపోర్ట్ ఫైలులోకి వెళ్తే ఇరవైమంది చదువుతారు. ఆ ఇరవైమందిలో సగంమందికి విలేకరుల్లో స్నేహితులున్నారు. నీల్ దగ్గర దాచడం అంటే నీల్‌ని మోసం చెయ్యడమా అని కూడా ఆలోచించింది. నీల్‌కి కావలసింది ఒక జవాబు. ఆ జవాబు తన కళ్ళతోనే ఇవ్వగలదు. విన్నది కలపకపోయినా అది మారదు.

కాగితాలు నాలుగు ముక్కలు చేసి కాఫీ కప్పులో కుక్కింది. కొత్త పేజీ మీద మూడు వాక్యాలు రాసింది. "లీగ్‌లో ఇంత బాగా ఆటను చదివే గార్డ్ ఇంకొకడు లేడు. ఎడమవైపు కదలడంలో అరడుగు ఆలస్యం ఉంది, రెండు మ్యాచ్‌లలో ఇరవై అయిదుసార్లు. ఇప్పుడు తీసుకోవద్దు."

పన్నెండున్నరకి నీల్ ఆ కాగితం నిలబడే చదివాడు. మళ్ళీ చదివాడు.

"నాలుగేళ్ళు నా చెవిలో జోరీగలా రొద పెట్టావు. ఇచ్చేస్తాను పట్టుకో అన్నరోజు వద్దంటావా?"

"వద్దంటున్నాను."

"మొన్న పద్నాలుగుకే ఆపాడు కదా?"

"ఆపాడు. బుర్రతో ఆపాడు. ఏప్రిల్ నాకౌట్ ఆటల్లో ఒకే జట్టుతో వరసగా ఏడు మ్యాచ్‌లు, ఒకే మనిషిని కాయాలి. అప్పటికి ఎదుటివాళ్ళకీ ఈ అరడుగు కనబడుతుంది."

"దెబ్బ ఏమైనా తగిలిందా? ఏమైనా విన్నావా?"

వెర్నా అతని కళ్ళలోకి చూసింది. "నీల్, ఇరవై రెండేళ్ళలో విన్నదాని మీద నేను ఒక్క రిపోర్ట్ రాశానా? చూసింది అందులో ఉంది. నా మాట మీద వద్దనుకుంటే చాలదా, ఇంకా ఏమైనా కావాలా?"

నీల్ కాగితం అంచు గోటితో రెండుసార్లు గీకాడు. అతను కూడా ఈ పనిలో చాలాకాలం ఉన్నవాడే. అడిగితే వినాల్సి వస్తుంది, వింటే ఏదో ఒకటి చెయ్యాల్సి వస్తుంది.

"చాలు," అన్నాడు చివరికి. పెటిఫర్డ్ బిళ్ళ బోర్డు మీంచి తీసి సొరుగులో వేశాడు. "ఓరెన్, నీ అంకెలే గెలిచాయి. సంబరమేనా?"

మూల కూర్చున్న ఓరెన్ తలూపాడు. సంబరం ముఖం కాదది. తన ల్యాప్‌టాప్ మూసి బయటికి వెళ్ళిపోయాడు.

వెర్నా తన గదికి వచ్చి కోటు విప్పి కుర్చీకి తగిలించింది. సాయంత్రానికి ఈ మాట భవనమంతా పాకుతుంది. వెర్నా డ్యూసెక్ నాలుగేళ్ళు పొరబడింది, చివరికి ఒప్పుకుంది అంటారు. నిలబడే కాసేపు కిటికీలోంచి నది చూసింది. నీళ్ళ మీద మంచు పలకలు మెల్లగా కదులుతున్నాయి.

తలుపు దగ్గర చప్పుడైంది. ఓరెన్. చేతిలో ఒక అచ్చు కాగితం.

"మొన్న మీరు కూర మాడటం గురించి అన్న తర్వాత నా మనసు ఊరుకోలేదు," అన్నాడు. "అతను వేరేవాళ్ళని ఆపినవన్నీ ఒక్కొక్కటీ వీడియో చూసి లెక్కపెట్టాను. మీరన్నది నిజం. అవి కలిపితే అతను లీగ్‌లో అందరికంటే పైన ఉన్నాడు. సోమవారం నేను చెప్పిన అంకె తప్పు."

"ఆ కాగితం అదేనా?"

"కాదు." లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. "లెక్కపెడుతూ ఎడమ, కుడి విడదీశాను. కుడివైపు ఏమీ మారలేదు. ఎడమవైపు డిసెంబర్ మొదటి వారం నుంచి ఒక్కసారిగా పడిపోయింది. వయసైతే రెండూ కలిసి మెల్లగా దిగాలి కదా వెర్నా?"

వెర్నా కాగితం అందుకుంది. రెండు గీతలు. ఒకటి బల్లపరుపుగా పోతోంది. రెండోది ఒకచోట తెగినట్టు కిందికి పడింది. లిఫ్ట్‌లో తను విన్న మాటలే అందులో ఉన్నాయి, ఎవరూ చెప్పకుండానే.

"ఇందాక గదిలో ఎందుకు చూపించలేదు?"

"మీరు చెబుతారని కాసుకుని ఉన్నాను. చెప్పలేదు. మీ అంతటి మనిషి నా ముందు ఓడిపోయినట్టు కూర్చుని చెప్పలేదంటే, ఏదో ఉందనుకున్నాను." కళ్ళజోడు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. "ఎలాగూ ట్రేడ్ లేదు. ఇక ఈ కాగితంతో జట్టుకి పనేముంది? ఫైలులో పెడితే కబుర్లకి తప్ప పనికిరాదు. ఒక్కటే అచ్చు వేశాను. మీరు పెట్టమంటే పెడతాను."

"నన్నడక్కు. నీ పని నీది."

ఓరెన్ ఆమె చేతిలోంచి కాగితం తీసుకుని మడిచాడు. "మా అమ్మాయి ఇలాంటివాటి వెనక గుర్రాల బొమ్మలేస్తుంది. గుర్రమంటుంది గానీ అన్నీ పిల్లుల్లా ఉంటాయి." జేబులో పెట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "మొన్న సోమవారం చెప్పిన అంకె తప్పని నీల్‌కి వచ్చే వారం చెప్పేస్తాను. మీరు నాలుగేళ్ళు చెప్పింది తప్పు కాదని అతనికి తెలియాలి."

"నా కన్ను కూడా మొదటి సగమంతా మోసపోయింది," అంది వెర్నా. "ఆ చెయ్యి ఊపడం చూసి తెలివి అని రాసుకున్నాను."

"తెలివే కదా," అన్నాడు ఓరెన్.

మూడింటికి నడవలోని టీవీ ముందు పదిమంది పోగయ్యారు. తెర కింద ట్రేడ్ల వరుస జరుగుతూ పోతోంది. వెర్నా వెనక నిలబడి ఆ వరుస మొదలు నుంచి చివరిదాకా రెండుసార్లు చదివింది. పెటిఫర్డ్ పేరు ఎక్కడా రాలేదు. మూడూ అయిదుకి జనం ఎవరి గదుల్లోకి వాళ్ళు వెళ్ళిపోయారు.

అప్పుడు నడవ అవతల నుంచి అండర్స్ లిండ్‌క్విస్ట్ వచ్చాడు. ప్రాక్టీస్ బట్టలు చెమటకి ఒంటికి అతుక్కుపోయి ఉన్నాయి. నాలుగు రోజులుగా నిద్రలేని ముఖం. వస్తూనే వంగి వెర్నాని గట్టిగా కౌగిలించుకున్నాడు.

"నన్ను మీరే కాపాడారు. నీల్ చెప్పాడు, వెర్నా వద్దంది అని. కాయా ఫోన్‌లో ఏడ్చేసింది. ఇక్కడి బడిలో టీచరుగా ఇప్పుడే కదా చేరింది. ఆదివారం మిమ్మల్ని భోజనానికి తీసుకురమ్మని ఒట్టు వేయించుకుంది."

వెర్నా అతని చేతులు మెల్లగా విడిపించుకుంది. అతని భార్య కాయా చేతి వంట ఆమె తిన్నది. మంచి మనుషులు. సరేనని ఊరుకుంటే సరిపోయేది.

"అండర్స్, నిన్ను ఇచ్చేసి అతన్ని తెమ్మని చెప్పడానికే నేను వెళ్ళాను," అంది. "వెళ్ళేటప్పుడు ఆ ఉద్దేశంతోనే వెళ్ళాను."

అతను ఒక్కడుగు వెనక్కి వేశాడు. నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది, ఏం చెయ్యాలో తెలియనట్టు.

"మరి ఎందుకు చెప్పలేదు?"

"అది అతనికి సంబంధించిన సంగతి. నిన్ను చూసి మనసు మార్చుకోలేదు. నువ్వు నాకు రుణపడి లేవు."

అండర్స్ మెడలోని తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"అతను నాకంటే మంచి ఆటగాడా?"

"అవును."

"ఇప్పుడా? లేకపోతే మొత్తానికా?"

వెర్నాకి ఆ ప్రశ్న నచ్చింది. "మొత్తానికి. నువ్వు అతని వయసుకి వచ్చాక మళ్ళీ అడుగు."

అతను తలూపాడు. ఎక్కడికో వెళ్ళబోయి వెళ్ళలేక అక్కడే నిలబడ్డాడు. లోపల ప్రాక్టీస్ హాల్లో ఎవరో బంతి కొడుతున్న చప్పుడు గోడలోంచి వినిపిస్తోంది.

"అయితే ఆదివారం రారా?" అన్నాడు.

"కాయా అప్పటికీ పిలుస్తుంటే వస్తాను."

"పిలుస్తుంది. మీరు చెప్పింది ఆమెకి చెప్పకుండా ఉండలేను. ఆమె దగ్గర నాకు దాచడం రాదు." తువ్వాలు భుజాన వేసుకుని ఆలోచించాడు. "కానీ భోజనం అయ్యాక చెప్తాను."

నాలుగు రోజుల్లో మొదటిసారి వెర్నా గట్టిగా నవ్వింది. నవ్వుకి తుంటి పట్టేసి, గోడకి చెయ్యి ఆనించుకుంది.